మేకులన్నీ ఖాళీ అయ్యాక

విమానాశ్రయం అనగానే మీరు ఏవేవో ఊహించేసుకుంటారు. అవన్నీ పక్కన పెట్టండి. ఇక్కడున్నది ఒక రన్‌వే, రెండు రేకుల షెడ్లు, ఒక పెట్రోలు ట్యాంకు, మూడు గదుల ఆఫీసు. రన్‌వే ఒక కొస సముద్రపు ఇసుక దగ్గర ఆగుతుంది, రెండో కొస సరుగుడు తోట దగ్గర. టిక్కెట్టు కొనుక్కుని ఎక్కే విమానమేదీ ఇటు తొంగి కూడా చూడదు. సొంత విమానం ఉన్నవాళ్ళు, అద్దెకు తీసుకుని సరదా తీర్చుకునేవాళ్ళు, కొత్తగా నేర్చుకునేవాళ్ళు, వీళ్ళే వస్తారు. వాళ్ళలో పళ్ళ డాక్టరు ఒకాయన ఉన్నాడు. వారమంతా జనం నోళ్ళలోకి చూసీ చూసీ విసుగెత్తి, సెలవు రోజున ఆకాశంలోకి చూడటానికి వస్తాడు.

ఆ ఆఫీసులో కిటికీ పక్కన కూర్చునే ఆవిడ కథ ఇది. ఆవిడ ముందు ఒక రేడియో, ఒక మైకు. గాలి ఎటునుంచి వీస్తోంది, ఎంత జోరుగా ఉంది, రన్‌వే మీద ఏదైనా అడ్డముందా అన్నది పైనున్నవాళ్ళకి చెప్పడం ఆవిడ పని. దిగమనీ, దిగొద్దనీ చెప్పే అధికారం ఆవిడకి లేదు. అది నడిపేవాళ్ళ ఇష్టం. అయితే ఆవిడ సొంతంగా సంపాదించుకున్న అధికారం ఇంకొకటి ఉంది. ఆవిడ కుర్చీ వెనక గోడకి ఒక చెక్క పలక, దాని నిండా మేకులు. ఎగరబోయేవాడు ఎంతటివాడైనా సరే, ముందుగా తన బండి తాళమో, ఇంటి తాళమో తెచ్చి మేకుకి తగిలించి తీరాలి. దిగాక వచ్చి తీసుకుపోవాలి. మేకులన్నీ ఖాళీ అయితే అందరూ క్షేమంగా నేల మీద ఉన్నట్టు. అప్పటిదాకా ఆవిడ కుర్చీలోంచి లేచేది కాదు. అందుకే ఆవిడకి తాళాలక్క అని పేరు పడింది. వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు.

ఈ రూలు ఏ చట్టంలోనూ లేదు, ఆవిడ పెట్టిందే. మొదటిసారి విని పళ్ళ డాక్టరు నవ్వాడు.

"నా కారు తాళం మీ దగ్గరుంటే నా విమానం కింద పడదా అక్కా?"

"పడితే కారు నేను తోలుకుపోతాను. ముందు తాళం పెట్టండి," అంది తాళాలక్క, నవ్వకుండా.

ఆయన పెట్టాడు. తర్వాత ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆవిడ మొగుడు పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. నడిసముద్రంలో ఒక పడవ ఆగిపోయిందని కబురొస్తే, ఇంకో చిన్న పడవ వేసుకుని వెళ్ళాడు. వెళ్ళిన కాసేపటికే మంచు దిగింది. పడవైతే దొరికింది, మనిషి దొరకలేదు. ఆ రోజు ఇంటి తాళంచెవి ఆయన జేబులోనే ఉండిపోయింది. ఒడ్డు దాకా వెళ్ళి ఆయన్ని సాగనంపి తిరిగొచ్చిన ఆవిడ, చంటిపిల్లని చంకనేసుకుని తన ఇంటి గడప మీదే కూర్చుంది. ఆయన వస్తాడు, తలుపు తీస్తాడు అని ఎదురుచూస్తూ కూర్చుంది. చివరికి పక్కింటివాళ్ళు తాళంకప్ప పగలగొట్టారు. ఆ సుత్తి దెబ్బ పడినప్పుడే ఆవిడకి అర్థమైంది, ఆయన ఇక రాడని. అందుకే, పోయేవాళ్ళు తాళం ఇచ్చి పోవాలి అనేది. తాళం ఇక్కడుంటే మనిషి దానికోసమైనా వెనక్కి రావాలి గదా అనేది.

అప్పటినుంచీ భయం ఆ ఇంట్లో కాపురం పెట్టేసింది. కూతురు చిట్టి బడి నుంచి కాస్త ఆలస్యంగా వస్తే వీధి చివర దాకా పరుగు. పక్కనే సముద్రముండి కూడా ఆ పిల్ల నీళ్ళలో పాదం తడిపి ఎరగదు. ఇంత పిరికిదానివి ఈ విమానాల మధ్య ఎందుకు చేరావమ్మా అని షెడ్డులో మెకానిక్ అడిగితే, "ఎక్కడ చేరినా భయపడతాను గదా బాబాయ్. ఇక్కడైతే కళ్ళెదురుగా భయపడొచ్చు," అంది. ఆగి ఉన్న విమానంలో కూర్చోమన్నా ఆవిడ కూర్చోలేదు, అదేమైనా పులా అని అందరూ ఏడిపించినా సరే.

చిట్టి పెద్దదై ఆ మెకానిక్ షెడ్డులోనే పనికి కుదిరింది. రెక్కలు కడగడం, అద్దాలు తుడవడం, పనిముట్లు అందించడం. పొద్దున్నే తల్లీ కూతురూ ఒకే స్కూటరు మీద వచ్చేవారు, పని అయ్యాక అదే స్కూటరు మీద పోయేవారు. పిల్ల కళ్ళముందే ఉందని తాళాలక్క గుండె కాస్త కుదుటపడింది. కుదుటపడకూడని చోటే కుదుటపడింది, అదీ ఖర్మ.

ఎందుకంటే చిట్టి విమానం నడపడం నేర్చుకుంటోంది. నేర్పేది విమానాల మాస్టారు. మెకానిక్‌కి తెలుసు, పళ్ళ డాక్టరుకి తెలుసు, పెట్రోలు పోసేవాడికి తెలుసు. తల్లికి తప్ప ఆ ఆవరణలో అందరికీ తెలుసు. మాస్టారు తన కారు తాళం మేకుకి తగిలించేవాడు, రేడియోలో తనే మాట్లాడేవాడు, పక్క సీట్లో చిట్టి నోరు మెదపకుండా కూర్చుని నడిపేది. ఇంకెన్నాళ్ళు దాస్తావే అని మాస్టారు అడిగితే, "ఒంటరిగా ఒక్కసారి ఎగిరి దిగాక నేనే చెప్తాను సార్. దిగిన మనిషిని చూస్తే అమ్మ తట్టుకుంటుంది. ఎగరబోయే మనిషిని చూస్తే తట్టుకోలేదు," అని బతిమాలింది. మాస్టారు మెత్తని మనిషి. సరే అన్నాడు. ఆ సరే అనడమే కొంప మీదికి తెచ్చింది.

ఆ ఒంటరి రోజు వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మాస్టారు ఎప్పట్లాగే వచ్చి కారు తాళం మేకుకి తగిలించాడు. సముద్రం అద్దంలా ఉంది, ఎండ కాస్తోంది. మిగిలిన మేకులన్నీ ఖాళీ.

"ఒక్క చుట్టు తిరిగొస్తానక్కా," అన్నాడు. ఆవిడ మొహం చూడకుండా అన్నాడు.

విమానం లేచింది. లోపల చిట్టి ఒక్కతే ఉంది. మాస్టారు సరుగుడు తోట కొసన చేతి రేడియో పట్టుకుని నిలబడి, తనే నడుపుతున్నట్టు పిలుపులన్నీ చెప్తున్నాడు. తాళాలక్క కిటికీ దగ్గర ఆ గొంతే విని, గాలి చెప్పి, టిఫిను డబ్బా మూత పెట్టుకుంది.

చిట్టి చక్కగానే తిరిగింది. దిగడానికి వస్తుంటే ఎక్కడినుంచో కుక్కలు రన్‌వే మీద పడ్డాయి. "కుక్కలున్నాయి, ఇంకో చుట్టు," అని మాస్టారు చెప్పాడు. ఆ పిల్ల మళ్ళీ లేచి సముద్రం మీదికి వెళ్ళింది. కుక్కల్ని తరిమి మాస్టారు తల తిప్పేసరికి, సముద్రం మీద తెల్లగా ఒక గోడ లేచి ఉంది. అది ఇటే వస్తోంది. రేడియో నొక్కి వెనక్కి రమ్మనబోయాడు. ఆ చేతి రేడియో చిన్నగా కుయ్యిమని చచ్చిపోయింది. అంత తెలిసిన మాస్టారు, ఆ రోజు బ్యాటరీ చూసుకోవడం మరిచాడు.

మంచు వాసన తాళాలక్కకి ముందే తెలిసింది. ఆ వాసన ఆవిడకి ఒళ్ళంతా గుర్తు. లేచి కిటికీలోంచి చూస్తే, రన్‌వే సముద్రపు కొస అప్పటికే కనబడటం లేదు. గబగబా రన్‌వే దీపాల స్విచ్చి వేసింది. వెనక్కి తిరిగి పలక చూసింది. ఒక్కటే తాళం, మాస్టారిది. మైకు నొక్కింది.

"మాస్టారూ, మంచు వచ్చేస్తోంది. దిగిపోండి."

జవాబు లేదు.

"మాస్టారూ, వినిపిస్తోందా? పలకండి."

జవాబు లేదు. పైన చిట్టికి ప్రతి అక్షరమూ వినబడుతోంది. పలికితే అమ్మకి తెలిసిపోతుంది. కింద రన్‌వే మాయమైపోతున్నా ఆ పిల్ల మైకు నొక్కలేకపోయింది. మంచు కన్నా అమ్మంటేనే ఎక్కువ భయం మరి.

పాపం మాస్టారు, ఇంట్లో పెళ్ళాం పిల్లలు, ఏం చెప్పాలి వాళ్ళకి అనుకుంది తాళాలక్క. ఆయన భార్య గడప మీద కూర్చుని ఉన్నట్టే కళ్ళకి కట్టింది. మళ్ళీ మైకు నొక్కబోతుండగా తలుపు దభీమని తెరుచుకుంది.

గుమ్మంలో మాస్టారు నిలబడి ఉన్నాడు. రొప్పుతున్నాడు. చొక్కా అంతా చెమట.

తాళాలక్క ఆయన్ని చూసింది. మేకు మీది తాళాన్ని చూసింది. మళ్ళీ ఆయన్ని చూసింది.

"మీరిక్కడుంటే, పైనెవరు?"

మాస్టారి చూపు షెడ్డు వైపు పోయింది. ఆవిడ కిటికీలోంచి షెడ్డు వైపు చూసింది. చిట్టి తుడిచే గుడ్డ తీగ మీద ఆరేసి ఉంది. షెడ్డు ముందు మెకానిక్ తల రెండు చేతులతో పట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. చిట్టి మాత్రం లేదు.

ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. గోడ పట్టుకుని నిలబడింది. అరవలేదు, తిట్టలేదు. ఆ రెండిటికీ ఒంట్లో శక్తి ఉండాలి గదా.

"నన్ను తర్వాత చంపుదువుగాని," అన్నాడు మాస్టారు. కంగారులో మీరు కాస్తా నువ్వైపోయింది. "తీరం పొడుగునా మంచే, పక్క ఊరి రన్‌వేకి పంపడానికి లేదు. కొండల అవతలికి ఆ పిల్లకి దారి తెలీదు. తోట కొస ఇంకా కాస్త తెరిపిగానే ఉంది. నేను షెడ్డులో జీపు తీసుకెళ్ళి అక్కడ లైట్లు వేసి నిలబెడతాను. తోట వైపు నుంచి రమ్మను. జీపు లైట్లు కనబడితే దిగమను, కనబడకపోతే వెంటనే పైకి లేచిపొమ్మను."

"నేనా? నాకు నోరు రాదు. మీరు చెప్పండి. జీపు బాబాయ్ తీసుకెళ్తాడు."

"జీపు ఆపడంలో ఎడం చేతి వైపు, కుడి చేతి వైపు తేడా వచ్చినా ఆ పిల్ల జీపు మీదే దిగుతుంది. నేనే వెళ్ళాలి. అక్కా, మీ గొంతు వణికితే దాని చెయ్యి వణుకుతుంది. అంతే, ఇంకేం చెప్పను."

ఆయన పరిగెత్తాడు. గదిలో తాళాలక్క ఒక్కతే మిగిలింది.

కూర్చుంది. మైకు మీద చెయ్యి వేసింది. సీసాలో నీళ్ళు ఒక గుక్క తాగింది, సగం చీర మీద పోయాయి. మైకు నొక్కింది.

"పైనున్నవారికి ఆఫీసు నుంచి. గాలి సముద్రం వైపు నుంచి, నెమ్మదిగా ఉంది. వినబడితే పలకండి."

కాసేపు గరగర. తర్వాత చిన్న గొంతు.

"అమ్మా."

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఒక్క క్షణం ఆ పిలుపు పట్టుకుని బావురుమనబోయింది. ఏడిస్తే పిల్ల పోతుంది. అంత స్పష్టంగా తెలిసింది ఆవిడకి.

"ఇక్కడ అమ్మలెవరూ లేరు," అంది తాళాలక్క. "గాలి చెప్పే మనిషి ఉంది. చెప్పేది వినండి. మీకు రన్‌వే కనబడుతోందా?"

"లేదు. అంతా తెల్లగా ఉంది. నేను మంచుకి పైన ఉన్నాను. తోట చెట్ల తలలు మాత్రం కనబడుతున్నాయి."

"మంచిది. చెట్ల వైపు నుంచి రండి. తోట దాటగానే జీపు లైట్లుంటాయి. అవి కనబడితేనే దిగండి. కనబడకపోతే ఆలోచించకుండా పైకి లేవండి. తొందరేం లేదు."

తొందరేం లేదని ఆ నోటితో ఎలా అన్నదో ఆవిడకే తెలీదు. కిటికీ అవతల ఇప్పుడు ఏమీ లేదు. గాలి ఎటుందో చూపే గుడ్డ గొట్టం లేదు, షెడ్డు లేదు. గాజు మీద తడి మాత్రం జారుతోంది. ఇంజన్ చప్పుడు వినబడింది. దగ్గరికి వచ్చింది. ఇంకా దగ్గరికి వచ్చింది. ఒక్కసారిగా హోరెత్తిపోయింది. ఆఫీసు కప్పు ఊగింది, కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి, మేకు మీద మాస్టారి తాళం గణగణలాడింది. విమానం నెత్తి మీదుగా పోయింది. కనబడలేదు. దిగలేదు.

ఆ చప్పుడు సముద్రం వైపు పోతోంది. పోతూ పోతూ సన్నబడుతోంది. ఆనాడు మొగుడి పడవ చప్పుడు కూడా ఇలాగే సన్నబడింది. చీరకొంగు నోట్లో కుక్కుకుని, మైకు మీంచి చెయ్యి తీసి, ఎవరికీ వినబడకుండా ఒక కేక వేసింది. తర్వాత కొంగు తీసేసి, మొహం తుడుచుకుని, మైకు నొక్కింది.

"బాగా చేశారు. కనబడలేదు, లేచారు. అలాగే చెయ్యాలి. ఎక్కడున్నారు?"

"నీళ్ళ మీద." అంది చిట్టి. "లైట్లు ఒక పక్కగా కనబడ్డాయి. అందలేదు. నాకు భయంగా ఉంది."

"ఉంటుంది. భయమేస్తే వెయ్యనివ్వండి, చేతులు మాత్రం మాస్టారు నేర్పినట్టే ఉంచండి. భయంతోనే ఈ కిటికీ దగ్గర కూర్చుని ఇన్నేళ్ళు పని చేసినవాళ్ళు ఉన్నారు. తిరగండి. చెట్ల వైపు నుంచి రండి."

"సరేనండి," అంది చిట్టి.

కూతురి నోట ఆ అండి విని తాళాలక్క పెదవి కొరుక్కుంది. మళ్ళీ ఇంజన్ చప్పుడు పెరిగింది. ఈసారి నెత్తి మీదికి రాలేదు. తోట వైపు ఎక్కడో తగ్గింది. ఇంకా తగ్గింది. ఆగిపోయింది.

ఏమీ వినబడలేదు. దిగిందో, పడిందో తెలీదు. అడగడానికి మైకు నొక్కాలి. నొక్కితే జవాబు రాకపోవచ్చు. ఆవిడ వేలు బొత్తాం మీద అలాగే ఉండిపోయింది, నొక్కే ధైర్యం లేక. ఇంతకుముందు ఎంత భయపడిందో అదంతా భయమే కాదనిపించింది.

తెల్లదనంలోంచి ముందు ఒక ఎర్ర దీపం వచ్చింది. తర్వాత ఒక రెక్క. నెమ్మదిగా, నడకంత నెమ్మదిగా, ఆ చిన్న విమానం చక్రాల మీద దొర్లుకుంటూ వచ్చి ఆఫీసు ముందు ఆగింది. దాని వెనకే జీపు.

చిట్టి దిగి చక్రం పక్కనే కూలబడింది. మాస్టారు జీపులోనే స్టీరింగు మీద తల పెట్టుకుని ఉండిపోయాడు. తాళాలక్క బయటికి వచ్చింది. అందరూ దెబ్బలు పడతాయనుకున్నారు. మెకానిక్ అడ్డం రావడానికి సిద్ధంగా కూడా నిలబడ్డాడు. ఆవిడ కూతురి ముందు నిలబడి చెయ్యి చాపింది.

"తాళం ఏది?"

"అమ్మా, నేను..."

"ఎగిరేవాళ్ళు నాకు తాళం ఇచ్చి పోవాలి. ఇక్కడ పసిపిల్లాడికి కూడా తెలుసు. నీ తాళం ఏదే?"

"నీ సంచిలో ఉంది," అంది చిట్టి. "టిఫిను డబ్బా పక్కన, చిన్న అరలో చూడు."

తాళాలక్క లోపలికి వెళ్ళింది. కుర్చీకి తగిలించి ఉన్న సంచి తీసి, చిన్న అరలో వేళ్ళు పెట్టింది. చిట్టి దగ్గరుండే ఇంటి తాళంచెవి, నీలం దారం కట్టినది, చేతికి తగిలింది.

గుమ్మం దగ్గరికి చిట్టి వచ్చి నిలబడింది. "ఎగిరిన ప్రతిసారీ అందులోనే పెట్టేదాన్ని. దిగాక తీసుకునేదాన్ని. నీకు ఇవ్వకుండా ఒక్కసారి కూడా పోలేదమ్మా."

అప్పుడు ఏడ్చింది తాళాలక్క. అన్ని రోజులు ఆ సంచి వీపుకి ఆనుకునే ఉంది. తను అన్నం తింటూ, పళ్ళ డాక్టరుతో పరాచికాలాడుతూ, కిటికీ దగ్గర చల్లగా కూర్చుంటే, పిల్ల సముద్రం మీద తిరుగుతూ ఉంది. భయపడకుండా గడిచిపోయిన ఆ రోజులన్నిటి భయమూ ఒక్కసారి మీద పడింది. చిట్టి దగ్గరికి రాబోతే చేత్తో ఆపింది. కాసేపయ్యాక తనే దగ్గరికి లాక్కుంది.

"మానెయ్యమంటావా?" అంది చిట్టి, తల్లి భుజం మీంచి.

మానెయ్యమనే మాట నాలుక చివర దాకా వచ్చిందని అందరికీ కనబడింది.

"మానెయ్యమంటే మళ్ళీ నా సంచిలోనే పెట్టి పోతావు," అంది చివరికి. "భయపడాల్సింది నేనైనప్పుడు, ఎప్పుడు భయపడాలో నాకు చెప్పాలి కదే. బాబాయ్, సుత్తీ మేకూ ఉంటే ఇలా ఇవ్వు."

మేకు ఆవిడే కొట్టింది. పలక మీద చోటు లేక, పక్కన గోడకే కొట్టింది. సుత్తి దెబ్బకి ఉలిక్కిపడుతూనే కొట్టింది.

తర్వాత కొన్నాళ్ళకి, ఎండ బాగా ఉన్న ఒక ఉదయం, చిట్టి వచ్చి నీలం దారం తాళాన్ని ఆ మేకుకి తగిలించింది. తల్లి వైపు చూసింది. తల్లి కిటికీలోంచే చూస్తూ గాలి ఎటుందో చెప్పింది, గొంతు మామూలుగానే ఉంది. పిల్ల ఎగిరి, తిరిగి, దిగి వచ్చి తాళం తీసుకుంది. సాయంత్రం పళ్ళ డాక్టరు కూడా తన తాళం తీసుకుని వెళ్ళిపోయాడు. మేకులన్నీ ఖాళీ అయ్యాయి. బయట చిట్టి స్కూటరు హారను కొడుతూనే ఉంది. తాళాలక్క లేవలేదు. లేద్దామని రెండుసార్లు చూసింది గానీ, పొద్దున మొదలైన కాళ్ళ వణుకు ఇంకా తగ్గలేదు.